వస్తాదుల స్వీయచరిత్రలు

సినిమా తార స్వీయచరిత్ర రాస్తే కళ్ళకద్దుకుని చదువుతాం. మంత్రిగారు రాస్తే, తిట్లు ఎవరి వాటాకి ఎన్ని వచ్చాయో చూడ్డానికైనా చదువుతాం. అదే ఒక కుస్తీ వస్తాదు తన జీవితకథ రాశాడంటే మాత్రం "ఆయనకి రాయడం కూడా వచ్చా?" అని నవ్వి ఊరుకుంటాం. నేను ఈమధ్య అలాంటి పుస్తకాలు వరసబెట్టి చదువుతున్నాను. మన ఊళ్ళ తాలింఖానాల్లో ఒంటికి మట్టి పులుముకుని పట్లు పట్టే వస్తాదులవి కావు లెండి. అమెరికాలో, కెనడాలో, చుట్టూ తాళ్ళు కట్టిన చదరపు గోదా మీద, వేలమంది టిక్కెట్లు కొనుక్కుని కేకలు పెడుతుంటే కొట్టుకునే ప్రొఫెషనల్ రెజ్లర్లవి. అట్టల మీది బొమ్మలు చూసి మావారు, "ఎవరైనా వచ్చినప్పుడు ఇవి కాస్త లోపల పెడుదూ" అన్నారు. మా అమ్మాయి అయితే, "అమ్మా, అదంతా ఉత్తుత్తి కొట్లాట, నీకు తెలీదా?" అని జాలిపడింది.

తెలుసు. తెలుసు కాబట్టే చదవాలనిపించింది. నవలలు రాసుకునేదాన్ని, ఉత్తుత్తి సంగతులంటే నాకు చులకన ఎలా ఉంటుంది చెప్పండి! జీవితమంతా అబద్ధాన్ని నిజంలా ఆడినవాళ్ళు, ముసలితనంలో కూర్చుని నిజం చెప్పబోతే అది ఎలా ఉంటుంది? ఎంత చెబుతారు, ఎక్కడ ఆగిపోతారు? నా కుతూహలం అది.

ముందు ఆ ఉత్తుత్తి సంగతేమిటో చూద్దాం. ఈ పోటీల్లో ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే నిర్ణయమైపోతుంది. నిర్ణయించేది పోటీ ఏర్పాటు చేసే ప్రమోటరు. గోదా ఎక్కిన ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకుంటూ పడతారు, లేస్తారు. జనం చప్పట్లు కొట్టే మంచివాడిని 'బేబీ ఫేస్' అనీ, జనం తిట్టుకునే చెడ్డవాడిని 'హీల్' అనీ అంటారు. హీల్ అంటే కాలి మడమ. ఇదంతా నాటకమని బయటివాళ్ళకి తెలియనివ్వకుండా కాపాడుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'కేఫేబ్'. తిరునాళ్ళ డేరాల వాళ్ళ రహస్యభాషలోంచి వచ్చిన మాట అంటారు.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే అది అజ్ఞాతవాసం. విరాటరాజు కొలువులో భీముడు వలలుడనే పేరుతో గరిటె తిప్పుతూ, రాజుగారు పిలిస్తే గోదాలో దిగి జీమూతమల్లుణ్ణి మట్టి కరిపించాడు గదా! అయినా తానెవరో చెప్పలేదు. భీముడికి అది ఏడాదితో తీరింది. వీళ్ళది పదవీ విరమణ దాకా. హీల్ వేషం వేసేవాడు హోటల్లో కాఫీ తాగుతున్నా చెడ్డవాడిలాగే ఉండాలి. మంచివాడితో కలిసి ఒకే కారులో కనపడకూడదు. ఎంతోమంది ఇంట్లో వాళ్ళకి కూడా అసలు సంగతి చెప్పలేదు.

మొదట్నించీ ఇలాగే ఉండేదా అంటే, అంత సూటిగా జవాబు లేదు. ఎస్తోనియాలో పుట్టిన జార్జ్ హాకెన్‌ష్మిట్ అనే వస్తాదు 1908లోనే 'ది వే టు లివ్' అని పుస్తకం రాశాడు. వ్యాయామం, ఆరోగ్యం గురించి చెబుతూనే తన కథ కూడా అందులో చెప్పుకున్నాడు. అదే ఏడు చికాగోలో ఫ్రాంక్ గాచ్ అనే అమెరికన్ చేతిలో, రెండు గంటల పెనుగులాట తర్వాత ఓటమి ఒప్పుకున్నాడు. గాచ్ ఒంటికి నూనె రాసుకున్నాడని తర్వాత ఫిర్యాదు చేశాడు. 1911లో మళ్ళీ తలపడ్డారు. ఈసారి హాకెన్‌ష్మిట్ దెబ్బతిన్న మోకాలుతోనే గోదా ఎక్కి ఓడిపోయాడు.

ఆ మోకాలి కథకి ఒక కొసరు ఉంది. 1995లో లూ థెజ్ అనే మహావస్తాదు 'హుకర్' అని తన ఆత్మకథ వేశాడు. ప్రత్యర్థిని నిజంగా నొప్పెట్టి లొంగదీసే పట్లు తెలిసిన అసలైన మల్లుణ్ణి ఆ వృత్తిలో హుకర్ అంటారు. తనకి విద్య నేర్పిన పెద్దల్లో ఒకాయన, గాచ్ మనుషులు ఇచ్చిన 5,000 డాలర్లు తీసుకుని సాధన గోదాలో హాకెన్‌ష్మిట్ మోకాలు దెబ్బతీశానని తనతో చెప్పాడని థెజ్ రాశాడు. ఎప్పటి 1911, ఎప్పటి 1995! ఒక ముసలాయన ఒక కుర్రవాడితో చెప్పింది, ఆ కుర్రవాడు ముసలాయనయ్యాక పుస్తకంలో పెట్టింది. దీన్ని చరిత్ర అనాలా, కబురు అనాలా? కోర్టులో నిలబడే సాక్ష్యం కాదు. కానీ ఆ వృత్తిలో వాళ్ళు ఒకరికొకరు ఏ కథలు చెప్పుకునేవారో, ఎవరిని నమ్మేవారు కాదో దీన్ని బట్టి తెలుస్తుంది. మా బామ్మ చెప్పే తోడికోడళ్ళ కథలు నేను ఇలాగే వినేదాన్ని. తారీఖులు నమ్మేదాన్ని కాదు గానీ కోపాలు నమ్మేదాన్ని.

నిజమైన పోటీలకి ఒక చిక్కుంది. అవి చూడ్డానికి విసుగు. 1916లో ఒమాహాలో జో స్టెచర్, ఎడ్ లూయిస్ దాదాపు ఐదు గంటలు ఒకరినొకరు పట్టుకుని ఉండిపోయారట. ఆఖరికి ఎవరూ గెలవలేదు. టిక్కెట్టు కొన్నవాడి గతేమిటి? 1920ల్లో ప్రమోటర్లు దీన్ని చురుగ్గా, గంతులతో, ఎగిరి దూకడాలతో ఒక ప్రదర్శనగా తీర్చేశారు. 1948లో ప్రమోటర్లు కొందరు కలిసి నేషనల్ రెజ్లింగ్ అలయెన్స్ అని ఒక కూటమి కట్టి, దేశాన్ని భాగాలుగా పంచుకున్నారు. ఒకరి పేటలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఎదురు తిరిగిన వస్తాదుకి ఎక్కడా పని దొరకదు. 1956లో అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ ఈ గుత్తాధిపత్యం మీద కేసు పెడితే వాళ్ళు రాజీకి వచ్చారు. ఇలాంటి కూటమికి ఛాంపియన్‌గా నిజమైన మల్లుడే ఉండాలని థెజ్ చెబుతాడు. ఎందుకంటే ఎదుటివాడు ఒప్పందం తప్పి నిజంగానే పడగొట్టబోతే, కాచుకునే విద్య ఉండాలి గదా! అబద్ధాన్ని కాపాడ్డానికి నిజమైన బలం కావాలన్నమాట.

రహస్యం కాపాడ్డానికి ఎంత దూరం పోయేవారో చూడండి. 1975 అక్టోబరు 4న నార్త్ కరోలినాలో విల్మింగ్టన్ దగ్గర ఒక చిన్న విమానం కూలింది. అందులో రిక్ ఫ్లేర్ అనే కుర్ర వస్తాదు ఉన్నాడు. నడుం విరిగింది. జానీ వాలెంటైన్ అనే పెద్ద వస్తాదు మళ్ళీ నడవలేకపోయాడు. వాళ్ళిద్దరూ హీల్‌లు. అదే విమానంలో జనం దృష్టిలో వాళ్ళకి బద్ధశత్రువైన టిమ్ వుడ్స్ కూడా ఉన్నాడు. శత్రువులు ఒకే విమానంలో ప్రయాణం చేస్తారా? ఆ సంగతి పొక్కితే వ్యాపారం మూతపడుతుంది. ఆ దెబ్బల్లోనే వుడ్స్ ఆసుపత్రి వాళ్ళకి వేరే పేరు చెప్పి, నేను వస్తాదుని కాను, ప్రమోటర్ని అన్నాడు. రెండు వారాలకల్లా ఆ ఒంటి నొప్పులతోనే గోదా ఎక్కి, విమానంలో ఉన్నది తను కాదన్నట్టు జనాన్ని నమ్మించాడు. ఫ్లేర్ 2004లో వేసిన 'టు బీ ద మ్యాన్'లో ఆ ప్రమాదం గురించి చదువుతుంటే, నవ్వాలో కళ్ళు తుడుచుకోవాలో తెలియదు.

1984 డిసెంబరులో ఒక టీవీ విలేకరి, ఇదంతా నకిలీ అంటున్నారు గదా అని డేవిడ్ షుల్ట్జ్ అనే వస్తాదుని అడిగితే, ఆయన విలేకరి చెంపలు రెండూ వాయించాడు. 1987లో న్యూజెర్సీలో పోలీసులు ఒక కారు ఆపితే, గోదాలో దేశాల పేరుతో కొట్టుకునే ఐరన్ షేక్, జిమ్ డగ్గన్ ఇద్దరూ అందులో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. దొరికిన మత్తుపదార్థాల కంటే వాళ్ళ స్నేహమే పెద్ద నేరమైపోయింది! చివరికి 1989లో ఆ పెద్ద కంపెనీ తానే న్యూజెర్సీ చట్టసభకి, మాది క్రీడ కాదు, వినోదం అని చెప్పుకుంది. సత్యం మీద ప్రేమతో కాదు. క్రీడల మీద ఉండే పన్నులూ, పర్యవేక్షణా తప్పించుకోవడానికి. డెబ్భై ఏళ్ళు ప్రాణం పెట్టి కాపాడిన రహస్యాన్ని పన్ను లెక్కల కోసం వదిలేశారు.

రహస్యం పోయింది గనక పుస్తకాలు వచ్చాయి. 1999లో మిక్ ఫోలీ 'హావ్ ఎ నైస్ డే' వచ్చేసరికి అందరూ తెల్లబోయారు. కంపెనీ పెట్టిన రచయితని వద్దని, ఏడు వందల పైచిలుకు కాగితాలు తనే చేత్తో రాశాడాయన. న్యూయార్క్ టైమ్స్ జాబితాలో అది మొదటి స్థానానికి ఎక్కింది. 1994లో మ్యూనిక్‌లో తాళ్ళ మధ్య ఇరుక్కుని ఆయన చెవి ఊడిపోయింది. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో పదహారడుగుల ఎత్తున్న ఇనప పంజరం మీంచి కిందకి పడ్డాడు. పడడం ముందే అనుకున్నదే. ఆ తర్వాత పైకప్పు ఊడి రెండోసారి పడడం మాత్రం ఎవరూ అనుకోనిది. ఇవన్నీ ఆయన హాస్యంగా రాస్తాడు. ఆ హాస్యం చదువుతూ ఉంటే, వంటింట్లో చెయ్యి కాల్చుకుని "ఏం లేదు, ఏం లేదు" అని నవ్వే ఆడవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

అయితే ఈ పుస్తకం పక్కన పెట్టుకుని చూడవలసింది ఇంకొకటుంది. అదే ఏడు వచ్చిన 'బియాండ్ ద మ్యాట్' అనే డాక్యుమెంటరీ. 1999 జనవరిలో చేతులకి బేడీలు వేసి ఆయన్ని ఇనప కుర్చీతో తల మీద మళ్ళీ మళ్ళీ కొడుతుంటే, మొదటి వరసలో కూర్చున్న భార్య, ఇద్దరు చిన్న పిల్లలు గొల్లుమన్నారు. నాన్న ఆడుతున్నాడని పిల్లలకి ముందే చెప్పే తీసుకొచ్చారు. చెబితే మాత్రం పసివాళ్ళకి ఏం తెలుస్తుంది? తర్వాత ఆ చిత్రం చూపిస్తే ఫోలీ ముఖం చూడాలి. గోదాలో ఉన్నంతసేపూ ఆయనకి కనపడనిది, కెమెరా మూలాన కనపడింది.

కెనడాకి చెందిన బ్రెట్ హార్ట్ పుస్తకం వీటన్నిటికంటే బరువైనది. 2007లో వచ్చిన 'హిట్‌మ్యాన్'. కాల్గరీలో పన్నెండుమంది పిల్లల ఇంట్లో ఎనిమిదోవాడు. తండ్రి స్టూ హార్ట్ ఇంటి నేలమాళిగలోనే కుస్తీ నేర్పేవాడు. బ్రెట్ ఊళ్ళు తిరుగుతూ టేప్ రికార్డర్‌లో రోజువారీ కబుర్లు చెప్పుకుంటూ దాచుకున్నాడు. అందుకని ఆయన జ్ఞాపకాలకి తేదీలుంటాయి. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో, సొంత దేశంలో, తనకి చెప్పిన ముగింపు ఒకటైతే, యజమాని విన్స్ మెక్‌మహన్ హఠాత్తుగా గంట కొట్టించి ఆయన ఓడిపోయాడని ప్రకటించాడు. ముందే రాసిపెట్టిన ఆటలో ఓడితే మాత్రం ఏమిటి అంత బాధ? అని అడగొచ్చు. రారాజు వేషం వేసినవాడు తొడ విరిగి పడిపోవడానికి సిద్ధపడే గోదాలోకి వస్తాడు. కానీ పద్యం సగంలో ఉండగా, తనకి చెప్పకుండా తెర దించేస్తే? ఆ అవమానం పాత్రది కాదు, మనిషిది. పద్నాలుగేళ్ళు నమ్మి పనిచేసిన చోట తన మాటకి విలువ లేదని తెలియడం. ఆ బాధ ఆఫీసుల్లో, బళ్ళలో పనిచేసిన ఆడవాళ్ళకి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ ఇంట్లోనే ఇంకో పుస్తకం పుట్టింది. బ్రెట్ తమ్ముడు ఓవెన్‌ని 1999 మే 23న కాన్సస్ సిటీలో, పైకప్పు నించి తాడు కట్టి గోదాలోకి దింపబోతుంటే, కట్టు ఊడి డెబ్భై అడుగుల పైనుంచి పడి చనిపోయాడు. ప్రదర్శన ఆపలేదు. మిగతా పోటీలు జరిపించారు. ఓవెన్ భార్య మార్తా కంపెనీ మీద దావా వేసింది. అత్తవారింట్లో కొందరు కంపెనీ వైపు నిలబడ్డారు. అయినా వెనక్కి తగ్గలేదు. 2000లో కోటీ ఎనభై లక్షల డాలర్లకి కంపెనీ రాజీపడింది. ఆ డబ్బుతో భర్త పేర ధర్మసంస్థ పెట్టింది. 2002లో 'బ్రోకెన్ హార్ట్స్' అని పుస్తకం రాసింది. తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు కూడా చేసింది.

బ్రెట్ పుస్తకం, మార్తా పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చదివితే తెలుస్తుంది, ఒకే చావు ఇద్దరికి ఎంత వేరువేరుగా కనపడిందో. అన్నగారికి అది తను పెరిగిన లోకం తనకి చేసిన ద్రోహం. ఎంత కోపమొచ్చినా అది ఆయన లోకమే. మార్తాకి ఆ లోకమే అక్కర్లేదు. తన భర్త ఆ పని మానేసి ఇంటిపట్టున ఉండే రోజు కోసం డబ్బు కూడబెట్టుకుంటున్న ఇల్లాలు ఆవిడ. వస్తాదుల ఆత్మకథలన్నిటిలో 'ఇంట్లో నా భార్య' అని ఒక్క వాక్యంలో వచ్చిపోయే మనిషి, ఇక్కడ కలం పట్టి పూర్తి కథ చెప్పింది.

ఇక గోదా ఎక్కిన ఆడవాళ్ళ సంగతి. ఈ భాగమే నన్ను నిద్రపోనివ్వలేదు.

మిల్డ్రెడ్ బర్క్ 1915లో కాన్సస్‌లో పుట్టింది. చిన్న వయసులో పెళ్ళి, చంకన బిడ్డ, హోటల్లో వడ్డించే పని. కుస్తీ చూసి, నేనూ చేస్తానంది. బిల్లీ వోల్ఫ్ అనే వస్తాదుని నేర్పమంటే, ఈమె పిచ్చి వదలగొట్టాలని ఒక కుర్రాణ్ణి మీదికి వదిలాడట. ఆ కుర్రాణ్ణే ఎత్తి పడేసింది. అయిదడుగుల రెండంగుళాల మనిషి! తిరునాళ్ళ డేరాల్లో మగవాళ్ళతో పందేలు కట్టి కుస్తీ పట్టింది. 1937లో ఛాంపియనైంది. వజ్రాలు పెట్టుకుని, ఖరీదైన కోట్లు తొడుక్కుని గోదాలోకి వచ్చేది. కానీ ఆ డబ్బు లెక్క ఎవరి చేతిలో ఉండేది? మేనేజరూ, ప్రమోటరూ, ఆపైన భర్త అయిన వోల్ఫ్ చేతిలో. దేశంలో ఆడ వస్తాదులందరి పోటీలూ అతనే కుదిర్చేవాడు. వాళ్ళలో చాలామందితో సంబంధాలు కూడా నడిపాడు.

విడాకులయ్యాక ప్రమోటర్ల కూటమి వోల్ఫ్ వైపే మొగ్గింది. 1954 ఆగస్టు 20న అట్లాంటాలో జూన్ బైయర్స్‌తో బర్క్ తలపడింది. బైయర్స్ ఎవరనుకున్నారు? వోల్ఫ్‌గారి కోడలు. ఆ పోటీ ముందుగా రాసుకున్నది కాదు, నిజంగానే పట్టిన కుస్తీ. మూడింట రెండు నెగ్గాలి. మొదటిది బైయర్స్ గెలిచింది. రెండోది ఎటూ తేలకముందే ఆపేశారు. ఛాంపియన్ మారిపోయిందని పత్రికల్లో వచ్చేసింది. నేను ఓడలేదు, రెండు పట్లు ఎప్పుడు పోయాయని బర్క్ అంటూనే ఉంది. ఆ ఏడాది చివర్లో జపాన్ వెళ్ళి కుస్తీ చూపించింది. అక్కడి ఆడవాళ్ళ కుస్తీ ఆ పర్యటనతోనే వేళ్ళూనుకుంది. తన కథంతా రాసుకుంది. రాతప్రతి అచ్చు కాకుండానే 1989లో కన్నుమూసింది. జెఫ్ లీన్ అనే పత్రికా రచయిత ఆ రాతప్రతిని వెతికి పట్టుకుని, ఇతర ఆధారాలతో సరిచూసి, 2009లో 'ద క్వీన్ ఆఫ్ ద రింగ్' రాసేదాకా ఆవిడ గొంతు బయటికి రాలేదు. 2025లో అది సినిమాగా కూడా వచ్చింది.

ఇప్పుడు రెండో ఆవిడ. లిలియన్ ఎలిసన్. 1923లో సౌత్ కరోలినాలో పుట్టింది. పన్నెండుమంది అన్నల తర్వాత ఒక్కతే ఆడపిల్ల. తల్లి పోయిన బెంగలో ఉన్న పిల్లని తండ్రి కుస్తీ పోటీలకి తీసుకెళ్ళేవాడు. అక్కడ గోదాలో మిల్డ్రెడ్ బర్క్‌ని చూసి, నేనూ ఇలా కావాలి అనుకుందట ఆ పిల్ల. వోల్ఫ్ దగ్గరే చేరింది. ఎందుకు కుస్తీ పడతావమ్మా అని ఒక ప్రమోటరు అడిగితే డబ్బుకోసం అంది. వాళ్ళ వాడుకలో డబ్బుని 'మూలా' అంటారు. అదే పేరైపోయింది, ఫాబ్యులస్ మూలా. మన మూలధనానికీ దీనికీ చుట్టరికం లేదు గానీ సరిగ్గా సరిపోయింది. 1956లో ఛాంపియన్‌షిప్పు అందుకుంది. న్యూయార్క్‌లో ఆడవాళ్ళ కుస్తీ మీదున్న నిషేధం తొలగిపోయాక, 1972లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గోదా ఎక్కింది. 76 ఏళ్ళ వయసులో, 1999లో, మళ్ళీ ఛాంపియన్ అనిపించుకుంది. 2002లో ఆత్మకథ వేసింది. చదువుతుంటే భలే మనిషి! మాటకారి, మొండిది, ఎవరికీ తలవంచనిది.

కానీ ఆవిడ బడిలో నేర్చుకున్న శిష్యురాళ్ళలో కొందరు తర్వాత చెప్పింది వేరు. తమ సంపాదనలో నాలుగో వంతుకి పైగా ఆవిడే తీసుకునేదనీ, అద్దెలూ ఖర్చులూ అంటూ మిగతాది కూడా కరిగిపోయేదనీ, అంతకంటే దారుణమైనవీ చెప్పారు. అలాంటిదేం లేదు, మమ్మల్ని బాగానే చూసింది అన్న శిష్యురాళ్ళూ ఉన్నారు. ఆవిడ 2007లో పోయింది. 2018లో ఒక పెద్ద ఆడవాళ్ళ పోటీకి ఆవిడ పేరు పెడతామని కంపెనీ ప్రకటిస్తే, అభ్యంతరాలు వెల్లువెత్తి, రోజుల్లోనే ఆ పేరు తీసేయవలసి వచ్చింది.

ఒక్క సంఘటన గురించి మాత్రం ఎవరికీ అనుమానం లేదు. మూలా దగ్గర నేర్చుకున్న వెండీ రిక్టర్ 1984లో ఆవిణ్ణే ఓడించి ఛాంపియనైంది. పేరొచ్చింది. పేరుకి తగ్గ డబ్బు కావాలని కంపెనీతో పేచీ పెట్టుకుంది. 1985 నవంబరు 25న స్పైడర్ లేడీ అనే ముసుగు మనిషితో పోటీ. రిక్టర్ భుజం పైకి లేపినా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. కోపంతో ముసుగు లాగితే లోపల ఎవరు? మూలా! రిక్టర్ గోదా దుస్తుల్లోనే బయటికొచ్చి టాక్సీ ఎక్కి విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. బ్రెట్ హార్ట్‌కి మాంట్రియల్‌లో జరిగింది లోకమంతా చెప్పుకుంటుంది. అంతకి పన్నెండేళ్ళ ముందే, జీతం అడిగిన ఆడపిల్లకి అదే జరిగింది. చేయించింది మగవాళ్ళే. చేసిన చెయ్యి మాత్రం గురువుగారిది.

ఆ వరస చూడండి. వోల్ఫ్ బర్క్‌కి చేసింది, అతని దగ్గర నేర్చుకున్న మూలా తన తర్వాతి వాళ్ళకి చేసిందని ఆ శిష్యురాళ్ళ మాట. అత్త తనకి పెట్టిన ఆరళ్ళే కోడలికి పెట్టడం మనకి కొత్త కథేం కాదు. మూలా పుస్తకంలో మూలా పడ్డ బాధలు నిజమే అయుండొచ్చు. శిష్యురాళ్ళ బాధలు కూడా నిజమే అయుండొచ్చు. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కావాలన్న నియమం ఏమీ లేదు.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 1968లో లూ థెజ్ బొంబాయి వచ్చి దారాసింగ్ చేతిలో ఓడిపోయాడు. నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున దూరదర్శన్ రామాయణంలో హనుమంతుడిగా చూసింది ఆ దారాసింగ్‌నే. ఆయన 1989లో పంజాబీలో తన ఆత్మకథ వేసుకున్నాడు. అయితే దారాసింగ్ బొంబాయి పోటీలకి చాలా ముందే, అలీగఢ్ హమీదా బాను పేరు దేశమంతా మోగింది. నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళాడతానని పందెం వేసిన మనిషి. 1954 మేలో బరోడాలో బాబా పహిల్వాన్ని 1 నిమిషం 34 సెకన్లలో పడగొట్టింది. ఆవిడ బరువు 108 కిలోలనీ, రోజుకి ఇన్ని పాలు తాగుతుందనీ, ఇన్ని గుడ్లు తింటుందనీ పత్రికలు లెక్కలు రాశాయి. ఆవిడ మనసులో మాట మాత్రం ఆ లెక్కల్లో కనపడదు. యూరప్ వెళ్ళి కుస్తీ పడతానంటే, వెళ్ళనివ్వకుండా గురువే చెయ్యి విరగ్గొట్టాడని ఆవిడ పెంపుడు మనవడు చాలా ఏళ్ళ తర్వాత విలేకరులకి చెప్పాడు. కల్యాణ్‌లో పాలు అమ్ముకుంటూ బతికిందట. రాసుకున్న పుస్తకం లేదు, దొరకడానికి రాతప్రతీ లేదు.

ఈ తరం ఆడపిల్లలు అలా ఊరుకోవడం లేదు. ఏజే లీ అనే పేరుతో కుస్తీ పట్టిన అమ్మాయి, ఆడ వస్తాదులకి జీతాల్లో జరిగే అన్యాయం గురించి 2015లో యజమాని కూతుర్ని బాహాటంగా నిలదీసింది. 2017లో వేసిన పుస్తకంలో చిన్ననాటి పేదరికం, తల్లికీ తనకీ ఉన్న మానసిక రుగ్మత, అన్నీ దాచకుండా రాసింది. ఐర్లండ్ పిల్ల బెకీ లించ్ కుస్తీ మానేసి కొన్నాళ్ళు విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా కూడా పనిచేసి, మళ్ళీ గోదాకి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో రెసిల్‌మేనియా చరిత్రలో మొదటిసారి ఆఖరి పోటీ, అంటే అసలు పోటీ, ఆడవాళ్ళది అయినప్పుడు గెలిచింది తనే. 2024లో వచ్చిన తన పుస్తకంలో పసిబిడ్డతో ఆ పని చేయడం ఎలా ఉంటుందో కూడా రాసింది. వీళ్ళ పుస్తకాల్లో గెలిచిన పట్ల కంటే, అడిగి తీసుకున్న జీతాల కబుర్లు నాకు ఎక్కువ ముచ్చటగా ఉన్నాయి.

ఎవరైనా చదువుతామంటే ఫోలీతో మొదలుపెట్టండి, నవ్విస్తాడు. బ్రెట్ హార్ట్‌ని చదివాక మార్తాని చదవకుండా ఆగకండి. మూలా పుస్తకం మాత్రం మిల్డ్రెడ్ బర్క్ కథ చదివాకే తెరవండి. ముందుగా తెరిచారో, ఆవిడ మాటకారితనానికి పడిపోయి, ఆ పుస్తకంలో ఎవరెవరి పేర్లు లేవో చూసుకోవడం మర్చిపోతారు.